‘జాజ్ ఫ్యూజన్’ అంటే తెలుగులో ఏమని రాయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. గవర్న్‌మెంట్ మ్యూల్ అనే అమెరికన్ బ్యాండు 1999 సెప్టెంబరులో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్, అట్లాంటా ఊళ్లలో గిటారిస్టు జాన్ స్కోఫీల్డ్‌తో కలిసి కచేరీలు చేసింది. వాటి రికార్డింగులు ‘స్కో-మ్యూల్’ పేరుతో 2015లో బయటికొచ్చాయి. దాని మీద ఒక పేజీ పరిచయం రాస్తున్నాను. ‘బ్లూస్ రాక్ పవర్ ట్రయో చేసిన లైవ్ జాజ్ ఫ్యూజన్ ఆల్బమ్’ అని మొదటి వాక్యం రాసి చూసుకుంటే అందులో తెలుగు మాట ‘చేసిన’ ఒక్కటే. ఫ్యూజన్‌ని సంలీనం అనొచ్చా, మేళవింపు అనాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

— సంలీనం మాత్రం వద్దండీ. అది ఫిజిక్సు పుస్తకంలో మాట, చదవగానే సూర్యుడూ హైడ్రోజన్ బాంబూ గుర్తొస్తాయి. మేళవింపు బాగుంది.

— అసలు దీనికి తెలుగెందుకు? ఫ్యూజన్ అంటే మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. వయొలిన్, మృదంగం పక్కన కీబోర్డూ డ్రమ్సూ పెట్టి హంసధ్వనిలో ఒక కీర్తన వాయిస్తే ఫ్యూజన్. పెళ్లి రిసెప్షన్లలో కూడా పెడుతున్నారు.

— మీరన్నదాంట్లోనే అసలు చిక్కు ఉందండీ, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, విసుక్కోకండి. మనవాళ్లకి ఫ్యూజన్ అంటే మన సంగీతమూ పాశ్చాత్య సంగీతమూ కలవడం. ఈ ఆల్బమ్ మీద రాసిన ‘జాజ్ ఫ్యూజన్’ అనే ముద్ర చూసి తెలుగు పాఠకుడు తబలా ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తాడు. రాదు. ఒక్క రాగం పేరు కూడా దొరకదు. జాజ్ వాళ్ల వాడుకలో ఆ మాట 1960ల చివర్లో మొదలైన ఒక ధోరణికి పేరు: అప్పటిదాకా ఎక్కువగా ట్రంపెట్, శాక్సొఫోన్, పియానో, నిలబెట్టి వాయించే పెద్ద బాస్ వాద్యంతో నడిచిన జాజ్‌లో ఎలక్ట్రిక్ గిటారూ ఎలక్ట్రిక్ పియానో ముందుకొచ్చాయి, రాక్ హోరూ, ఫంక్ అనే నల్లజాతి అమెరికన్ల నాట్య సంగీతపు నడకా తోడయ్యాయి. 1969లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ చేసిన రికార్డింగులు దీనికి పెద్ద మలుపు. వాటిలో గిటారు వాయించింది జాన్ మెక్‌లాక్లిన్.

ఒకే మాటకి రెండు దారులు ఎలా వచ్చాయో ఈ మెక్‌లాక్లిన్ దగ్గరే కనిపిస్తుంది, నాకు ఈ చర్చలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఆయన 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. పేరు చూసి మోసపోకండి, అది చెవులు చిల్లులు పడే జాజ్ రాక్. తర్వాత ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో శక్తి అనే బృందం కట్టాడు, ఇది పూర్తిగా వేరే సంగతి. దాని కొనసాగింపైన రిమెంబర్ శక్తిలోనే మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ ఆయన పక్కన కూర్చుని వాయించారు. మన సభలకు, మన టీవీలకు, చివరికి మీరన్న రిసెప్షన్లకు చేరింది ఈ రెండో దారిలో వచ్చిన అర్థం. స్కోఫీల్డ్ మొదటి దారి మనిషి, 1980ల మొదటి సగంలో మైల్స్ డేవిస్ బృందంలో వాయించినవాడు.

కాబట్టి మేళవింపు అని రాస్తే ఇబ్బంది తీరదు, పెరుగుతుంది. ఏది ఏమిటితో మేళవించారని పాఠకుడు అడుగుతాడు, అప్పుడు అతనికి మన అర్థమే తడుతుంది. ‘జాజ్ ఫ్యూజన్’ అనే ఉంచి, పక్క వాక్యంలో ఇందులో కలిసినవి జాజ్, బ్లూస్, రాక్, ఫంక్ అని చెప్పేస్తే సరిపోతుంది.

— బాగుంది మాస్టారూ. మరి పవర్ ట్రయో? శక్తి త్రయం అనమంటారా?

— అలా రాస్తే దేవీ నవరాత్రుల కరపత్రం అనుకుంటారు. గిటార్, బాస్ (మంద్రస్వరాలు పలికే గిటారు), డ్రమ్స్ తప్ప ఇంకేమీ లేని బ్యాండు అని విడమరిచి చెప్పండి. 1966లో వచ్చిన క్రీమ్ అనే బ్రిటిష్ బ్యాండు లాంటివాళ్లతో ఆ పద్ధతి ప్రసిద్ధమైంది. రెండో గిటారు ఉండదు కాబట్టి బాస్ వాయించేవాడు వెనక చేరి లెక్క ఒప్పజెబితే కుదరదు, ఖాళీ అంతా అతనే నింపాలి. ఈ బ్యాండులో ఆ పని అలెన్ వుడీది. 2000 ఆగస్టులో పోయాడు పాపం, అంటే ఈ కచేరీలయ్యాక ఏడాది కూడా తిరగలేదు. పరిచయంలో ఆ ముక్క తప్పకుండా రాయండి. గిటారు వారెన్ హేన్స్, డ్రమ్స్ మ్యాట్ ఆబ్ట్స్. తమాషా ఏమిటంటే ఈ కచేరీల్లో స్కోఫీల్డ్ కాక కీబోర్డు మీద డాన్ మాట్రాజో కూడా ఉన్నాడు, అంటే వేదిక మీద ఐదుగురు. ట్రయో అన్నది ఆ బ్యాండు తీరుకి పేరు, తలకాయల లెక్క కాదు.

— ‘లైవ్’ని ప్రత్యక్షం అనకండి, టీవీలో క్రికెట్ వస్తున్నట్టుంటుంది. కచేరీ రికార్డింగు అంటే చాలు.

— నాదొక సందేహం. ఇందులో ‘ఆఫ్రో బ్లూ’ అనే బాణీ ఇరవై నిమిషాలు దాటి సాగుతుంది. అలా సాగదీయడాన్ని వాళ్లు జామ్ అంటారు కదా. మనకి మనోధర్మం అనే చక్కటి మాట ఉండగా జామ్ దేనికి? మామిడిపళ్ల జామ్ అనుకుంటారు.

— సగం వరకు ఒప్పుకుంటానమ్మా. ముందు అందరూ కలిసి బాణీ వాయించి, తర్వాత ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయి, చివరికి మళ్లీ ఎత్తుగడకి రావడం మనవాళ్లకి కొత్తేం కాదు, స్వరకల్పన విన్న చెవికి ఇట్టే పట్టుబడుతుంది. కానీ మనోధర్మం అన్నప్పుడు మన మనసులో ప్రధాన కళాకారుడు ఒకరుంటారు, పక్కవాద్యాలు ఆయన్ని అనుసరిస్తాయి. ఇక్కడ అలా కాదు. హేన్స్ వాయిస్తుండగానే కింద ఆబ్ట్స్ నడక మార్చేస్తే హేన్స్ దారి మార్చుకోవాలి. ఎవరు ఎవరికి పక్కవాద్యమో నిమిషానికోసారి మారుతుంది. ఒక్కరి సోలో గురించి రాసేటప్పుడు మనోధర్మం వాడండి, హాయిగా ఉంటుంది. అందరూ కలిసి ఎటో పోయేదాన్ని జామ్ అనే ఉంచండి.

ఇక బాస్, డ్రమ్స్ కలిసి పట్టే లయ ఊపుని వాళ్లు గ్రూవ్ అంటారు, దానికి మాత్రం నాకు ‘నడక’ కంటే మంచి మాట కనిపించలేదు, ఫంక్ పాటలైతే ‘దరువు’ ఇంకా బాగుంటుంది. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం బాణీలు రెండు ఇందులో ఉన్నాయి, వాటికి దరువే తగిన మాట. దరువంటే డప్పు గుర్తొస్తుందని ఎవరైనా అంటారేమో, గుర్తొస్తే రానివ్వండి, కాళ్లు కదిలించే పనే కదా రెండిటిదీ. స్కోఫీల్డ్ సొంత బాణీ ‘హాటెన్‌టాట్’ వినండి, తెలుస్తుంది. మొత్తం ఆల్బమ్‌లో గాత్రం లేదన్న సంగతి కూడా ముందే రాసెయ్యండి, లేకపోతే హేన్స్ గొంతు కోసం వెతుక్కుంటారు.

— చాలా సంతోషం అందరికీ. ఇలా మార్చాను, చూడండి: ‘గిటార్, బాస్, డ్రమ్స్‌తో అప్పట్లో ముగ్గురే నడిపిన బ్లూస్ రాక్ బ్యాండు, మరో ఇద్దరిని కలుపుకుని చేసిన జాజ్ ఫ్యూజన్ కచేరీల రికార్డింగు ఇది.’

— ‘ఇది’ తీసేయండి, మిగతాది బాగుంది.

— తీసేశాను. ఇంకొకాయన ఇన్‌బాక్సులో గవర్న్‌మెంట్ మ్యూల్‌ని సర్కారీ కంచరగాడిద అని రాయమంటున్నారు.

— ఆయన్ని ఇక్కడికే రమ్మనండి.