12 వోల్టుల ఎల్ఈడీ డిమ్మర్‌లో మాస్‌ఫెట్ ఎందుకింత వేడెక్కుతోంది?

అందరికీ నమస్కారం. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌కి 555 ఐసీ (టైమర్ చిప్)తో డిమ్మర్, అంటే వెలుగు తగ్గించి పెంచే సర్క్యూట్ కట్టాను. ఫుల్ వెలుగులో స్ట్రిప్ 3 ఆంపియర్లు లాగుతుంది. 100 కె (కిలోఓమ్‌ల) పాట్ అంటే తిప్పే రెసిస్టర్, రెండు డయోడ్లు, ఔట్‌పుట్ అయిన 3వ పిన్ను నుంచి కెపాసిటర్ ఛార్జ్ అయ్యే మామూలు సర్క్యూటే. 7వ పిన్నుకి 10 కె పుల్-అప్ (ప్లస్ వైపుకి లాగే రెసిస్టర్) పెట్టి, అక్కడి నుంచి స్ట్రిప్‌ని స్విచ్‌లా ఆన్-ఆఫ్ చేసే మాస్‌ఫెట్ ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ గేటుకి (దాన్ని నడిపే కాలుకి) ఇచ్చాను.

0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో సుమారు 144 హెర్ట్జ్ వచ్చింది. మాస్‌ఫెట్ చల్లగానే ఉంది కానీ, ఫోన్ కెమెరాలో చూస్తే నల్లటి చారలు పాకుతున్నాయి. అందుకని 0.01 వేశాను. చారలు బాగా తగ్గాయి, ఇప్పుడేమో మాస్‌ఫెట్ మీద వేలు పెడితే చురుక్కుమంటోంది! పాట్ పూర్తిగా తిప్పేస్తే మళ్లీ చల్లబడుతుంది.

మాస్‌ఫెట్ ఆన్ రెసిస్టెన్స్ 17.5 మిల్లీఓమ్‌లే కాబట్టి 3 ఆంపియర్లకి 0.16 వాట్లే రావాలి. అంటే 10 కె వల్ల గేటు నెమ్మదిగా ఛార్జ్ అవడమే కారణమని నా అనుమానం. హీట్‌సింక్ బిగించి సరిపెట్టుకోవడం నాకిష్టం లేదు.

గేటుని నేరుగా 3వ పిన్నుకి కలిపితే టైమింగ్ చెడుతుందా? పుల్-అప్‌ని 1 కెకి తగ్గిస్తే చాలా? లేక మధ్యలో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ల జత పెట్టాల్సిందేనా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.