ఆడి కారుకు స్కోడా పెట్టెలోంచి పార్టు: ఇది లాభమా, మోసమా?

టవర్‌క్లాక్_ఏ3 (అనంతపురం):

అన్నలూ, ఒక డౌటు. పోయిన దీపావళికి ముందు బెంగళూరులో సెకండ్ హ్యాండ్ ఆడి ఏ3 తీసుకున్నా. 2015 మోడల్, డీజిల్, ఇప్పటికి 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లో అందరూ వద్దన్నారు. "ఏనుగును కొన్నాక అంకుశానికి బేరమాడితే నవ్వుతారప్పా, చూసుకో" అని మా మామ ముందే అన్నాడు.

రుద్రంపేట దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, ముందు ఎడమ వైపు టక్ టక్‌మని సౌండు. బెంగళూరులో కంపెనీ సర్వీసులో చూపిస్తే రెండు లోయర్ ఆర్మ్‌లూ (ముందు చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచేవి) పోయాయి, 41 వేలవుతుంది అన్నారు. ఏమీ మాట్లాడకుండా బండి వెనక్కి తెచ్చేశా. ఇక్కడ మా వీధి మెకానిక్ కింద దూరి, పాత ఆర్మ్ మీది మట్టి వైర్ బ్రష్‌తో గీకి, నంబరు ఫోటో తీసి బెంగళూరు జేసీ రోడ్‌లో స్పేర్ పార్టుల వాళ్లెవరికో పంపించాడు. మూడో రోజుకి బస్సు పార్శిల్‌లో రెండు పెట్టెలు దిగాయి. లేబరుతో కలిపి 17 వేలు. సౌండు పోయింది.

అంతా బాగానే ఉంది గానీ, పెట్టె మీద స్కోడా అని ఉందన్నా! ఆక్టేవియా పార్టంట. పాతదాని మీది నంబరూ దీని మీది నంబరూ ఒకటే, చివరి అక్షరం ఒక్కటే తేడా. డబ్బు మిగిలిందని సంతోషపడాలో, ఆడి అని చెప్పి నాకు ఆక్టేవియా అంటగట్టారని ఏడవాలో తెలియడం లేదు. అసలు ఇలా వేయొచ్చా? ఇంకా ఏమేం కలుస్తాయి?

సాయినగర్_బుల్లెట్:

నాలుగు రింగుల్లో ఒకటి పీకి స్కోడావాళ్లకి ఇచ్చెయ్ అన్నా, లెక్క సరిపోతుంది.

పానా_13 (గుత్తి రోడ్డు, అనంతపురం):

తమ్ముడూ, నేను బెంగళూరులో పదకొండేళ్లు ఈ బండ్ల కిందే పడుకున్నా, ఇప్పుడు ఇక్కడ సొంత షెడ్డు. నీ మెకానిక్ సరిగ్గానే చేశాడు. పెట్టె మీద పేరు కాదు, నంబరు చదవడం నేర్చుకో.

నీ ఆర్మ్ మీద నంబరు 5క్యూ0తో మొదలై ఉంటుంది, చూసుకో. అది ఆడిదీ కాదు, స్కోడాదీ కాదు. ఆడి, స్కోడా రెండూ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువే; ఇది వాళ్ల ఏడో తరం గోల్ఫ్ కారుతో వచ్చిన గ్రూపు నంబరు. ఒక్క ఏ3 కోసమే చేసినవైతే 8వీ0 అని, ఆక్టేవియాకే అయితే 5ఈ0 అని ఉంటాయి. హెడ్‌లైటు, డోరు, బంపరు ఏదైనా తిప్పి చూడు, 8వీ కనిపిస్తుంది. కంటికి కనబడేవి ఎవరివి వాళ్లవే. కింద మట్టిలో ఉండేవి ఉమ్మడి కాపురం.

2012లో ఎమ్‌క్యూబీ అని ఒక ప్లాట్‌ఫామ్, అంటే చాలా కార్లకు ఉమ్మడిగా వాడే కింది కట్టు, తెచ్చారు. దాని మీద ముందు ఏ3 వచ్చింది, తర్వాత గోల్ఫ్, ఆక్టేవియా. ముందు చక్రం నుంచి పెడల్ దాకా ఉన్న దూరం అన్నిటికీ ఒకటే. మిగతా పొడవు, వెడల్పు ఎవరిష్టం వాళ్లది. ఖర్చంతా ఆ ముందు భాగంలోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఒక్కసారి డిజైన్ చేసి పది కార్లకు వాడుకుంటారు. నీ రెండు లీటర్ల టీడీఐ డీజిల్ ఇంజన్ 143 హార్స్‌పవరు, అప్పటి ఆక్టేవియా డీజిల్ ఆటోమేటిక్‌దీ అంతే. గేర్‌బాక్సూ అదే ఆరు గేర్లది. ఆడి వాళ్లు ఎస్ ట్రానిక్ అంటారు, స్కోడావాళ్లు డీఎస్‌జీ అంటారు.

ఆర్మ్ సంగతి వదిలెయ్. 78 వేలు అన్నావు, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారా? ఆ తడి క్లచ్ (క్లచ్ ఆయిల్‌లోనే తిరిగేది) బాక్సుకి ప్రతి 60 వేలకి ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. సెకండ్ హ్యాండ్ బండ్లలో జనం మర్చిపోయేది ఇదే. పాత బిల్లులు తీసి చూడు. ఆర్మ్ పోతే సౌండొస్తుంది. బాక్స్ పోతే నీ నోటి నుంచి సౌండు రాదు.

మోసం అంటావా? ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి తీసుకెళ్లి నీ బోనెట్ మీద పెట్టు. నిలవదు, జారి పడుతుంది. అది అల్యూమినియం. పక్కనే ఆక్టేవియా ఉంటే దాని మీదా పెట్టి చూడు. నువ్వు ఎక్కువ పెట్టిన డబ్బు అలాంటి చోట్ల ఉంది, లోయర్ ఆర్మ్‌లో లేదు.

అన్నీ కలుస్తాయనుకుని గుడ్డిగా వేసుకోకు. వెనక సస్పెన్షన్ ఎమ్‌క్యూబీ కార్లన్నిటికీ ఒకటి కాదు, కొన్నిటికి బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే అడ్డకడ్డీ), కొన్నిటికి మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడివిడిగా కొన్ని ఆర్మ్‌లు). స్ప్రింగులూ షాకులూ బండి బరువును బట్టి మారతాయి. ఇంకో కారు మీటరో స్క్రీనో తెచ్చి పెడితే కాంపోనెంట్ ప్రొటెక్షన్ అని లాక్ పడుతుంది, కంపెనీ సిస్టమ్‌కి కలిపితే గానీ తీయలేరు. చివరి అక్షరం తేడా అన్నావు కదా, అది మామూలుగా సవరణ గుర్తు. కొత్త అక్షరం నీ ఛాసిస్ నంబరుకి సరిపోతుందో లేదో కొనేముందే అడగాలి. అవునూ, ఆర్మ్‌లు మార్చాక అలైన్‌మెంట్ చేయించావా?

బురుజు_కర్నూలు:

పానా అన్నా, మీరు మెకానిక్ కాబట్టి సర్దిచెప్తున్నారు. షోరూమ్‌లో కొన్నవాడి కడుపుమంట వేరు. ఆస్టన్ మార్టిన్ డీబీ7 వెనక లైట్లు మాజ్దా 323వి. 2011లో అదే కంపెనీ టొయోటా ఐక్యూకి తన ముక్కు తగిలించి సిగ్నెట్ అని అమ్మింది! యూరప్‌లో బెంజ్ ఏ క్లాస్‌కి రెనో 1.5 డీజిల్ పెట్టారు, మన దగ్గర డస్టర్‌లో తిరిగిన ఇంజన్ కుటుంబమే అది. లెక్సస్ ఈఎస్, క్యామ్రీ ఒకే ప్లాట్‌ఫామ్, రెండూ బిడదిలోనే బిగిస్తారు. కొనేటప్పుడు ఈ ముక్క ఏ సేల్స్‌మన్ అయినా చెప్పాడా?

పానా_13:

సిగ్నెట్ విషయంలో మీతోనే ఉన్నా, అది సిగ్గులేని పని. లెక్సస్ మాత్రం ఒకసారి తలుపు వేసి లోపల కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడదాం. అయినా క్యామ్రీ హైబ్రిడ్ 2.5 ఇంజన్ నా బండిలో ఉందంటే నేనైతే ధైర్యంగా పడుకుంటా.

పెనుకొండ_షిఫ్ట్2:

కియా ఫ్యాక్టరీ ఉన్న మా ఎర్రమంచి వైపు వచ్చి అడగండి. 2019లో సెల్టోస్ బయటికొచ్చినప్పటి నుంచి ఇక్కడ టీ కొట్టువాడికి కూడా తెలుసు, హ్యుందాయ్ క్రెటా దాని పెదనాన్న కొడుకని. ఎవరికీ బాధ లేదు. ఆడికి వచ్చేసరికే పరువు సమస్య!

టవర్‌క్లాక్_ఏ3:

పానా అన్నా, అయస్కాంతం పెట్టా. రెండుసార్లు జారింది, మూడోసారి మా పాప పట్టుకుని ఫ్రిజ్‌కే అంటించేసింది. అలైన్‌మెంట్ చేయించలేదు, రేపే. బిల్లులన్నీ వెతికా. ఇంజన్ ఆయిల్ ఐదుసార్లు మార్చారు, గేర్‌బాక్స్ మాట ఒక్క బిల్లులోనూ లేదు. ఇప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. ఎప్పుడు తీసుకురమ్మంటావు? మధ్యాహ్నం లంచ్ టైములో వచ్చేదా?

పానా_13:

మధ్యాహ్నం వద్దు. ఆ బాక్సులో ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే లెవెల్ చూడాలి. మన ఊళ్లో మే నెలలో బండి ఎండలో ఊరికే నిలబడితేనే అంత వేడెక్కుతుంది. రాత్రి షెడ్డులో వదిలేసి వెళ్లు, పొద్దున ఆరింటికి మొదలుపెడతా.