వేడిలో పనిచేసే సెన్సార్‌కి బంగారమా, టైటానియం నైట్రైడా?

కొలిమి:
ఉత్ప్రేరకం మీద వాయువులు ఎలా మారుతున్నాయో వేడిలో ఉండగానే చూడాలి. ఛాంబర్‌లో 400 డిగ్రీల సెల్సియస్, పైగా ఆక్సిజన్. గాజు మీద బంగారు నానోరాడ్లు, అంటే నానోమీటర్ల సైజు కడ్డీలు, పరిచిన చిప్పు పెట్టాను. లేజర్ కాంతి అణువుల మీద పడి చెదిరినప్పుడు వచ్చే రామన్ సంకేతాన్ని లోహపు నానో నిర్మాణాలు వేల రెట్లు పెంచే పద్ధతి, అదే సెర్స్, తెలిసిందే కదా. మొదటి గంట బాగానే ఉంది. మర్నాడు వచ్చి చూస్తే సంకేతం లేదు. చిప్పు బయటికి తీస్తే బూడిదరంగు పోయి లేత ఎరుపుకి తిరిగింది. ఏ రంగు కాంతిని ఎంత పీలుస్తుందో చూపే శోషణ వర్ణపటంలో 780 నానోమీటర్ల దగ్గర ఉండాల్సిన శిఖరం మాయం, 530 దగ్గర ఒక్కటే మిగిలింది.

ల్యాబ్‌లో సీనియర్ ఒకరు "బంగారం 1064కే కరుగుతుంది, టైటానియం నైట్రైడ్ అయితే దాదాపు 2900 దాకా ఆగుతుంది, మార్చెయ్" అంటున్నారు. మార్చాలా?

రామన్‌పిచ్చి:
కరిగే ఉష్ణోగ్రతని పక్కన పెట్టండి. మీ రాడ్లు కరగలేదు, గుండ్రబడ్డాయి. ఉపరితలం మీది పరమాణువులు కదలడానికి లోహం కరగక్కర్లేదు, రెండు మూడు వందల డిగ్రీలు చాలు. మొనల దగ్గర వంపు ఎక్కువ కాబట్టి అక్కడి పరమాణువులే ముందు జారి పక్కలకి చేరతాయి. చెక్కిన పెన్సిల్‌లో ముందు అరిగేది మొనే కదా, అలా. కొన్ని గంటల్లో రాడ్ కాస్తా బంతి అయిపోతుంది. మీకు కనపడిన ఎరుపు ఆ బంతులదే.

అసలు బాధేంటంటే మనకి కావలసింది ఆ మొనే. సెర్స్ పెంపు సుమారుగా విద్యుత్ క్షేత్రం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మొన దగ్గర క్షేత్రం 10 రెట్లుంటే సంకేతం 10,000 రెట్లు. మొన కొంచెం మొద్దుబారి 5 రెట్లకి పడితే 625. క్షేత్రం సగమైతే సంకేతం పదహారో వంతు! అందుకే మీ సంకేతం మెల్లగా తగ్గకుండా ఒక్కసారి చచ్చిపోయినట్టు కనిపించింది.

నైట్రైడ్‌వాది:
ఆ లెక్క నా పక్షానే మాట్లాడుతోంది. ఆకారం కదలకూడదంటే కదలని పదార్థం కావాలి. డ్రిల్ బిట్ల మీద బంగారు రంగు పూత చూశారుగా, అదే టైటానియం నైట్రైడ్. ఆ రంగు ఊరికే రాలేదు, అది కూడా దృశ్య కాంతిలో లోహంలాగే ప్రవర్తిస్తుంది, ప్లాస్మాన్, అంటే కాంతితో కలిసి ఎలక్ట్రాన్లు ఊగే ఊపు, ఇస్తుంది. శూన్యంలో 800 దగ్గర ఉంచినా ఆకారం చెక్కుచెదరదు. బంగారాన్ని కాపాడటానికి పెట్టే శ్రమలో సగం చాలు దీన్ని తయారు చేసుకోవడానికి.

రామన్‌పిచ్చి:
"శూన్యంలో" అని మీరే అన్నారు. కొలిమి గారి ఛాంబర్‌లో ఆక్సిజన్ ఉంది. గాలిలో 500 దగ్గరికి వస్తే మీ నైట్రైడ్ టైటానియం డయాక్సైడ్‌గా మారడం మొదలుపెడుతుంది, నానో పరిమాణంలో ఇంకా ముందే. డయాక్సైడ్ అయ్యాక ప్లాస్మాన్ ఎక్కడిది? 400 అంటే అంచు మీద నడకే. పైగా అందులో కాంతి శక్తి నష్టం బంగారం కన్నా ఎక్కువ, శిఖరం వెడల్పు, క్షేత్రం బలహీనం. మళ్లీ ఆ నాలుగో ఘాతమే గుర్తు చేసుకోండి. కాంతిని పీల్చి వేడెక్కాల్సిన పనికి అది గొప్ప పదార్థం, కాదనను. సున్నితంగా అణువులు పట్టే పనికి మాత్రం నా ఓటు పడదు.

పలుచనిపొర:
ఇద్దరూ మూడో దారి వదిలేశారు. బంగారం మీద ఒకటి రెండు నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), పరమాణు పొరల నిక్షేపణతో, అంటే ఒక్కో సన్నటి పొర చొప్పున పేర్చుతూ. 2010లో చైనాలో తియాన్ జోంగ్‌చున్ బృందం బంగారు కణాల మీద ఇలాంటి సన్నటి సిలికా, అల్యూమినా తొడుగులు వేసి సెర్స్ చేసి చూపించింది. తొడుగుంటే ఉపరితల పరమాణువులు అంత తేలిగ్గా జారలేవు.

సిలికా వద్దంటాను. వేడికి బంగారం డిగ్రీకి పది లక్షల్లో 14 వంతులు సాగుతుంది, సిలికా అర వంతు, అల్యూమినా 7 దాకా. ఆ తేడాకే తొడుగు పగులుతుంది. చిల్లు పడితే బంగారం అందులోంచే బయటికి పాకుతుంది.

ఒకజూనియర్:
అన్నా, తొడుగు వేస్తే అణువు లోహానికి దూరమవుతుంది కదా? సంకేతం ఏమైనా మిగులుతుందా?

పలుచనిపొర:
మంచి ప్రశ్న తమ్ముడూ. గోళం మీద సెర్స్ సుమారుగా (వ్యాసార్థం ÷ (వ్యాసార్థం + దూరం)) పదో ఘాతంతో పడిపోతుంది. 25 నానోమీటర్ల వ్యాసార్థం, 2 నానోమీటర్ల తొడుగు అనుకో, 46 శాతం మిగులుతుంది. భరించొచ్చు. అదే మొన వ్యాసార్థం 10 అయితే ఆ 2 నానోమీటర్లకే 16 శాతానికి పడుతుంది. మొన ఎంత పదునైతే తొడుగు అంత ఎక్కువ తినేస్తుంది. కాబట్టి 400 దగ్గర పని చేయాలంటే నక్షత్రాలు, ముళ్లు, రాడ్ల లాంటి మొనలున్న ఆకారాలు మర్చిపోవాలి. 50 నానోమీటర్ల వ్యాసం ఉన్న బంతులు, పలుచటి అల్యూమినా. పెంపు కావాలంటే బంతుల మధ్య సందుల్లోంచి తెచ్చుకోవాలి. అందంగా ఉండదు, నిలబడుతుంది.

నైట్రైడ్‌వాది:
నైట్రైడ్ మీద కూడా అదే అల్యూమినా వేయొచ్చు, ఆక్సిజన్ ఆగుతుంది. బంగారానికే ఎందుకా రాయితీ?

రామన్‌పిచ్చి:
వేయండి, ఆక్సిజన్‌కి మందు దొరికింది, ఒప్పుకుంటా. క్షేత్రం బలహీనతకి మాత్రం తొడుగు మందు కాదు, ఇంకా తగ్గిస్తుంది. 700, 800కి వెళ్లాల్సి వస్తే అప్పుడు నేనే మీ వైపుకి వస్తాను. కానీ 500 దాటాక వస్తువే ఎర్రగా మెరవడం మొదలుపెడుతుంది. 785 నానోమీటర్ల లేజర్‌తో చదివేవాళ్లకి ఆ మెరుపు రామన్ శిఖరాల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. 532 నానోమీటర్లకి వెళ్తే మెరుపు తగ్గుతుంది, కానీ అక్కడ బంగారం కాంతిని మింగేస్తుంది. వెండి బాగుంటుంది, అయితే వేడికి ముందు పోయేది వెండే.

ఇంకోటి, ఎవరూ అడగలేదు. అంత వేడిలో అణువులు ఉపరితలం మీద నిలుస్తాయా? చిప్పు చెక్కుచెదరకపోయినా అణువు ఎగిరిపోతే చూడటానికేముంది?

పలుచనిపొర:
అందుకే కొందరు రామన్ వదిలేసి ప్లాస్మాన్ శిఖరం జరుగుడునే చూస్తారు. జిర్కోనియా అనే పింగాణీ పదార్థంలో పొదిగిన బంగారు కణాలతో 500 దగ్గర హైడ్రోజన్, నైట్రోజన్ డయాక్సైడ్ పట్టారు. వాయువుని బట్టి బంగారం మీది ఎలక్ట్రాన్ల లెక్క మారి శిఖరం కాస్త పక్కకి జరుగుతుంది. గట్టి పద్ధతే. కానీ జరిగింది ఏ వాయువు వల్లో శిఖరం చెప్పదు. రామన్ అయితే అణువు వేలిముద్రే ఇస్తుంది.

కొలిమి:
నాకు కావలసింది వేలిముద్రే. సరే, రాడ్లు పక్కన పెడుతున్నాను. 50 నానోమీటర్ల బంతులు, 1.5 నానోమీటర్ల అల్యూమినా. నైట్రైడ్‌వాది గారూ, మీ చిప్పు కూడా అదే అల్యూమినాతో పక్కనే పెడతాను, గొడవ తీరుతుంది.

రామన్‌పిచ్చి:
వాయువు పంపకముందు రెండు చిప్పుల్నీ ఖాళీగా ఒక రాత్రి 400లో ఉంచండి. ముందూ తరవాతా శోషణ వర్ణపటం తీయండి. శిఖరం జరిగితే మిగతా ప్రయోగం మొదలుపెట్టకండి.

నైట్రైడ్‌వాది:
ఆక్సిజన్ కూడా పంపండి ఆ రాత్రి. లేకపోతే ఫలితం నాకు అనుకూలంగా వచ్చినా వీళ్లు ఒప్పుకోరు.