అప్‌డేట్: గురువు లేకుండా డెల్టా బ్లూస్ గిటార్, మూడు నెలల తర్వాత

డెల్టా బ్లూస్ (అమెరికాలో మిసిసిపి డెల్టాలో పుట్టిన పాత సంగీత శైలి) మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు, సొంతంగా వస్తుందా అని అప్పట్లో అడిగాను. వస్తోంది! "ముందు బొటనవేలు, తర్వాతే మిగతావి" అన్న సలహాకు చాలా థ్యాంక్స్. నెలంతా కాలితో తాళం వేస్తూ మంద్రంగా పలికే బేస్ తీగ ఒక్కటే మీటాను.

తర్వాత ఆరు, ఐదు, ఒకటో తీగలను రెండేసి ఫ్రెట్లంత (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) శ్రుతి దించి ఓపెన్ జి పెట్టుకున్నాను, అంటే ఏమీ నొక్కకుండా మీటినా జి కార్డ్ పలుకుతుంది. స్లయిడ్‌ను (వేలికి తొడుక్కునే గొట్టం) ఫ్రెట్ల మధ్య కాదు, సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి పైన తీగ మీద తేలిగ్గా ఆనించాలి. దాని వెనక వేలు తీగల మీద వాల్చగానే గరగర పోయింది.

డెల్టా బ్లూస్ గాయకుడు, గిటారిస్టు సన్ హౌస్ 1930లో అమెరికాలోని గ్రాఫ్టన్‌లో చేసిన రికార్డులు రోజూ వింటున్నాను. ఆ పాత రికార్డుల బరబరలోనూ ఆయన బేస్ ఇప్పుడు విడిగా వినిపిస్తోంది. ఎంత సంతోషమో!

పాడుతూ వాయించడం మాత్రం ఇంకా రాలేదు. గొంతెత్తగానే బొటనవేలు ఆగిపోతోంది. దీనికి మీరేం చేశారు?