ఆవకాయ పార్శిల్: నూనె ఇక్కడే పోసి పంపాలా, అక్కడ పోసుకోమనాలా?

కొలతగిన్నె:
విదేశాల్లో ఉన్న పిల్లలకి ఆవకాయ పంపే ఇళ్ళలో ఏటా జూన్‌లో ఇదే పంచాయితీ. నూనె పోసి, తిరగకలిపి, ఊరాక పంపాలని కొందరు. ముక్కా పిండీ మాత్రమే కలిపి పంపి, నూనె అక్కడ పోసుకోమనాలని కొందరు. నాది రెండో పక్షం. లెక్క చెబుతాను, తప్పుంటే దిద్దండి.

కిలో ముక్కలకి కారం 220 గ్రాములు, ఆవపిండి 220, ఉప్పు 200, నువ్వుల నూనె 450 మి.లీ. అనుకుందాం. లీటరు నూనె సుమారు 920 గ్రాములు తూగుతుంది కాబట్టి ఇక్కడ నూనె బరువు 415 గ్రాముల దాకా వస్తుంది. అంటే మొత్తం రెండు కిలోల పైచిలుకు పచ్చడిలో అయిదో వంతు నూనెదే. కొరియర్ వాడు కిలోల లెక్కన తీసుకుంటాడు. అయిదు కిలోల ఆవకాయ పంపితే అందులో కిలో నూనెకి విమానం ఛార్జీ కట్టినట్టు. ఆ నూనె అక్కడ మన సరుకుల షాపులో దొరుకుతుంది. పైగా పెట్టెలో కారేదీ, పక్కనున్న చీరని పాడుచేసేదీ నూనే కదా.

తెనాలి జాడీ:
లెక్క సరిగ్గానే ఉందండీ, పచ్చడి సంగతే మరిచిపోయారు. ఆవకాయలో నూనె రుచి కోసం మాత్రమే పోయం. ముక్కకీ గాలికీ మధ్య అడ్డు అది. నూనె లేని ముద్దలో ఉప్పుకి ముక్కలోని నీరు బయటికొస్తుంది, పిండి ఆ నీటిని పీల్చుకుని గట్టిపడుతుంది, పైభాగం గాలికి నల్లబడుతుంది. ఉప్పు కాస్త తగ్గించిన ఇళ్ళలో అయితే బూజు కూడా పడుతుంది. ఈ మధ్య అందరూ తగ్గిస్తున్నారు కూడాను.

ఇంకో చిక్కుంది. "అక్కడ నువ్వుల నూనె పోసుకో" అని ఊరికే చెబితే పిల్లలు మామూలు సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి నువ్వుల నూనె అని రాసున్న సీసా తెస్తారు. అది చాలాసార్లు చైనా, కొరియా వంటల కోసం వేయించిన నువ్వులతో తీసిన నూనె. ముదురు రంగు, ఘాటైన మాడు వాసన. వంటలో చివర్లో చెంచాడు వేసేది. దాన్ని అరలీటరు పోస్తే ఆ ఆవకాయని ఇక ఎవరూ ముట్టరు. మన షాపులో గానుగ నువ్వుల నూనె అని అడిగి తెచ్చుకోమని చెప్పాలి. దగ్గర్లో మన షాపే లేని చిన్న యూనివర్సిటీ ఊరైతే మీ పద్ధతి అక్కడితో ఆగిపోతుంది.

నూనె లేకుండానే పంపాలనుకుంటే దానికి మాగాయ ఉంది. చెక్కు తీసిన ముక్కని ఉప్పులో ఊరేసి, నీరు పిండేసి, ఎండబెట్టి చేసేదే అది. ఆవకాయని మాగాయలాగా పంపడమెందుకు?

సీలింగ్ మిషన్:
ఇద్దరూ నూనె మీద పడ్డారు. పార్శిల్‌లో గొడవంతా గాలితో.

ఎగిరే విమానంలో సామాన్ల గదిలోనూ గాలి ఒత్తిడి నేలమీద ఉన్నంత ఉండదు. దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఎంతుంటుందో అంతకు పడిపోవచ్చు, అంటే మన దగ్గర ఉన్నదానిలో ముప్పావు వంతు. సీసాలో మూత కింద ఖాళీ వదిలితే అక్కడి గాలి మూడో వంతు ఉబ్బుతుంది. పెట్టె నిటారుగా ఉంటే గాలి ఒక్కటే బయటపడుతుంది. పక్కకి పడినా, తలకిందులైనా మూత మరలోంచి నూనెని తోసుకుంటూ వస్తుంది. పెట్టె మీద బాణం గుర్తు వేసినంత మాత్రాన దాన్ని దారంతా ఎవరూ నిటారుగా మోయరు. అందుకే సీసా కన్నా గాలి తీసేసిన పౌచ్ మేలు.

పౌచ్ కారడానికి నూటికి తొంభైసార్లు కారణం సీలు పడే చోట నూనె చుక్క ఉండడం. అతికినట్టే కనిపిస్తుంది, గోటితో లాగితే ఊడొస్తుంది. అరకిలో పచ్చడికి ముప్పావు కిలో పట్టే పౌచ్ తీసుకోండి. నోటిని రెండంగుళాలు బయటికి మడిచి, వెడల్పు గరాటుతో నింపి, మడత విప్పి, టిష్యూతో లోపలివైపు తుడవండి. తర్వాత వేలెడు ఎడంతో రెండు సీళ్ళు వేయండి. పలచటి కవరు పనికిరాదు, నైలాన్ పొర ఉన్నది కావాలి.

మిషన్‌లోనూ తేడా ఉంది. పౌచ్ నోట్లోంచి గాలి పీల్చే చిన్న మిషన్లు గాలితోపాటు నూనెని కూడా సీలు దాకా లాక్కొస్తాయి. మూత వేసి పౌచ్‌ని మొత్తంగా లోపల పెట్టే చాంబర్ మిషన్ అయితే ఆ బాధ తక్కువ. ఇంట్లో చిన్నదే ఉంటే నింపిన పౌచ్‌ని రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో నిలబెట్టి, చిక్కబడ్డాక సీలు వేయండి. పౌచ్ పైన తడి పట్టకముందే పని కానివ్వాలి.

పరీక్ష సులువే. సీలు వేసిన పౌచ్‌ని పాత న్యూస్‌పేపర్ మీద పడుకోబెట్టి, పైన రెండు కిలోల బియ్యం సంచి పెట్టి, పొద్దున చూడండి. కాగితం మీద నూనె మరక ఉంటే ఆ పౌచ్‌కి మళ్ళీ సీలు వేయాలి.

కొలతగిన్నె గారూ, నూనె లేకపోతే సీలు బాగా పడుతుందని కూడా అనుకోకండి. ఆవపిండి, కారం పొడి సీలు మధ్యలో చిక్కుకుంటే సన్నటి దారులు మిగిలిపోతాయి. నూనె మరక కనబడుతుంది, పొడి దారి కనబడదు.

కొలతగిన్నె:
పొడి మాట ఒప్పుకుంటాను. కానీ వ్యాక్యూమ్‌ని అంతగా మెచ్చుకుంటున్నారు, ఆవకాయ ముక్కకి టెంక ఉంటుంది కదా? కత్తిపీటతో కొట్టిన టెంక అంచు బ్లేడులా ఉంటుంది. గాలి లాగేసరికి ప్లాస్టిక్ ఆ అంచుకి బిగుసుకుంటుంది. పైన పది కిలోల పెట్టె పడితే చిల్లే.

సీలింగ్ మిషన్:
అవును, అక్కడే చాలామంది దెబ్బతింటారు. గోంగూర, టమాటా, చింతకాయ అయితే ఒక్క పౌచ్ చాలు. టెంక ఉన్న ఆవకాయకి గాలిని పూర్తిగా లాగకూడదు, ముక్కల చుట్టూ పిండి ముద్ద కాస్త మెత్తగా ఆనే దాకా లాగి ఆపాలి. దాన్ని ఇంకో పౌచ్‌లో పెట్టి దానికీ సీలు వేయాలి. ఆ రెండిటినీ కలిపి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, చుట్టూ బట్టలు కూరి పెడితే పైబరువు డబ్బా మీద పడుతుంది. ముక్కలు పెద్దవిగా కొట్టకపోవడం ఇంకా మంచిది.

ఇంకో మాట. కలిపిన మూడో రోజున తిరగకలిపి, కనీసం పదిహేను రోజులు జాడీలో ఊరనివ్వండి. ముందే సీలు వేస్తే ముక్కలోంచి నీరూ గాలీ వస్తూనే ఉంటాయి, పౌచ్ దిండులా ఉబ్బుతుంది. అవతల తెరిచేవాళ్ళు పాడైందనుకుని పారేస్తారు.

అట్టపెట్టె:
నూనె బరువు గురించి ఇంత వాదన జరుగుతోంది, ఖాళీ పెట్టెకి కట్టే డబ్బు గురించి ఎవరూ అడగలేదు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే బిల్లు. 40 × 30 × 25 పెట్టె అంటే 6 కిలోలు. లోపల సరుకు 4.8 కిలోలే ఉన్నా ఆరుకి కట్టాలి. అదే సరుకుని 35 × 28 × 25 పెట్టెలో సర్దితే 4.9. మీరు నూనె తీసేసి మిగిల్చుకున్న కిలో కన్నా ఇక్కడ మిగిలేది ఎక్కువ.

అందుకని జంతికలు, చేగోడీలు, సకినాల్లాంటి తేలికపాటి సరుకుని పచ్చళ్ళతో కలిపి ఒకే పెట్టెలో పెట్టండి, బరువూ చోటూ సరిపోతాయి. పచ్చడి అడుగున, పొడులు మధ్యన, విరిగేవి పైన. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు. అయిదు పొరల అట్ట కావాలి, కిరాణా షాపులో ఊరికే ఇచ్చే బిస్కెట్ పెట్టె తేమకి మెత్తబడిపోతుంది.

మిల్‌పేట లేబుల్:
అమెరికాకి పంపేవాళ్ళకి ఒక సంగతి. కొందరు బుకింగ్ ఏజెంట్లు ఇంటి పచ్చడికి కూడా ఏదో షాపు లేబుల్ అతికించమంటున్నారు, "కస్టమ్స్‌లో అడగరు" అని. ఒప్పుకోకండి. 2002 నాటి బయోటెర్రరిజం చట్టం ప్రకారం అమెరికాలోకి వచ్చే తిండి సరుకు గురించి అక్కడి ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ముందుగా తెలపాలి, దాన్నే ప్రయర్ నోటీస్ అంటారు. ఒక వ్యక్తి తన ఇంట్లో స్వయంగా చేసి, ఇంకో వ్యక్తికి కానుకగా పంపే తిండికి ఆ నోటీస్ అక్కర్లేదు. షాపులో కొన్నదానికి ఆ మినహాయింపు లేదు. ఇంటి పచ్చడికి షాపు లేబుల్ అతికిస్తే ఉన్న సౌకర్యాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టే, పైగా అబద్ధం.

తెనాలి జాడీ:
లేబుల్ లేకపోతే ఎర్రటి ముద్ద ఏమిటో అధికారికి ఎలా తెలుస్తుందండీ?

మిల్‌పేట లేబుల్:
పేరు వేరు, షాపు లేబుల్ వేరు. ప్రతి పౌచ్ మీద ఇంగ్లీషులో ఏ పచ్చడి, అందులో ఏమేం ఉన్నాయి, బరువెంత, ఇంట్లో చేసిందని, అమ్మకానికి కాదని రాయండి. అదే వరుసలో ఇన్‌వాయిస్‌లోనూ ఉండాలి. "ఫుడ్ ఐటమ్స్ 5 కిలోలు" అని ఒక్క ముక్కలో రాస్తే పెట్టె విప్పి చూడాల్సిందే. విప్పినవాళ్ళు మళ్ళీ మీలాగా సర్దరు.

విలువ కూడా చూసుకోండి. 800 డాలర్ల లోపు సరుక్కి ఉన్న సుంకం మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్ళే కానుకకి 100 డాలర్ల హద్దు లోపు సుంకం లేకపోవడం వేరు, అది అలాగే ఉంది. పచ్చళ్ళ పెట్టెలోనే పట్టుచీర, వెండి కుంది పెట్టి ఆ హద్దు దాటించకండి. బియ్యం, శనగలు, పచ్చి కరివేపాకు అసలు పెట్టకండి, పురుగులూ తెగుళ్ళ కారణంగా ఆపేస్తారు. చికెన్ పచ్చడి కూడా వద్దని చెప్పక్కర్లేదనుకుంటా.

ఓరుగల్లు తొక్కు:
అందరూ అమెరికా చుట్టే తిరుగుతున్నరు. మా దిక్కు జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి తొక్కులు ఎక్కువ పొయ్యేది గల్ఫ్‌కే, అదీ కొరియర్ల కాదు, పొయ్యేటోళ్ల బ్యాగుల. అక్కడ నూనె లొల్లి కన్నా పెద్ద లొల్లి గసగసాలు. దుబాయ్‌ల గసగసాలు మత్తు పదార్థం కిందికి వస్తయి, జైలు దాకా పోతది. సింగపూర్‌ల గూడ నిషేధమే. మసాలా పొడి పంపేటప్పుడు అండ్ల గసాలు కలిపిన్రా అని ఇంటోళ్లను అడగాలె. ఎవరి బ్యాగుల పెట్టి పంపుతున్నమో ఆయన ఇరుక్కుంటడు, మనం కాదు. తమలపాకులు గూడ వద్దు. ఎవరికన్న మందులు పంపితే ట్రమడాల్, కోడీన్ అనే మత్తు నొప్పిమందులు ఉన్నయి ముందస్తు అనుమతి లేకుంట పెట్టద్దు.

నూనె తొక్కు చేతి బ్యాగుల పెట్టనియ్యరు, లగేజీలనే. ఎండుకొబ్బరి కుడుకలు ఏ బ్యాగుల గూడ పెట్టద్దు, నిప్పు తొందరగ అంటుకుంటదని విమానంల ఆపుతరు. తియ్యటియి చేసినప్పుడు చానమంది మరిచిపోయేది ఇదే.

గల్ఫ్‌ల ఒక రూంల ఎనిమిది మంది ఉంటరు, నూనె తెచ్చి కాచి సల్లార్చి పోసుకునే తీరిక ఎవలకు ఉంటది? పూర్తిగ చేసి పంపుడే నయం.

మెల్‌బోర్న్ గోంగూర:
ఆస్ట్రేలియాకి కారం పొట్లం బదులు ఎండుమిరపకాయలే పంపుతాం, అక్కడ తాజాగా కొట్టుకుంటారు అనేవాళ్ళు ఆగండి. నిల్వ గింజలని తినేసే ఖాప్రా పురుగు భయంతో 2020 నుంచి వండని ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, కంది, పెసర, శనగ, బియ్యం పోస్టులోనూ ప్రయాణికుల సామానులోనూ రానివ్వరు. మిగతా తిండి ఏదైనా ఫారంలో ఉందని రాయాల్సిందే. రాసి చూపిస్తే పోయేది ఆ పొట్లమే, దాస్తే జరిమానా.

అట్టపెట్టె:
యూరప్, బ్రిటన్‌లకి మాంసంతో పాటు పాల సరుకు కూడా వద్దు. పాలకోవా, నేతి పూతరేకులు, నెయ్యి సీసా అక్కడ పెట్టె ఆపించేవే.

కొలతగిన్నె:
సరే, మళ్ళీ నూనె దగ్గరికి వద్దాం. పిండి తడిసేంత మాత్రం పోసి పంపితే? కిలో ముక్కలకి 450కి బదులు 150 మి.లీ. ముక్కకి పూత పడుతుంది, పైన తేలే నూనె ఉండదు. మిగతా 300 అక్కడ.

సీలింగ్ మిషన్:
పౌచ్ పరంగా నాకు ఇదే ఇష్టం. తేలే నూనె లేకపోతే సీలు దగ్గరికి వచ్చేదీ ఉండదు, పొడీ ఎగరదు. గాలి తీసేశాం కాబట్టి దారిలో ఆ పది, పదిహేను రోజులు నూనె చేసే పని పౌచ్ చేస్తుంది.

తెనాలి జాడీ:
దారి వరకూ ఒప్పుకుంటాను. పౌచ్ కత్తిరించిన రోజే జాడీలోకి మార్చి, మిగతా నూనె కాచి పూర్తిగా చల్లార్చి పోయాలని కాగితం మీద రాసి పెట్టండి. సగం వాడి, సగం పౌచ్‌ని క్లిప్పు పెట్టి గట్టు మీద వదిలేస్తే వారంలో పైన తెల్లగా వస్తుంది. వేడి నూనె పోసినా ముక్క మెత్తబడుతుంది.

ఒక హెచ్చరిక కూడా. ఈ వ్యాక్యూమ్ పద్ధతి పుల్లటి నిల్వ పచ్చళ్ళకే. వంకాయ, బీరకాయ, దోసకాయ రోటి పచ్చళ్ళు గాలి తీసి పంపితే ఆగుతాయని అనుకోవద్దు. పులుపు చాలని, తడి ఉన్న తిండిలో, పులుపుని కొలిచే పీహెచ్ 4.6 కన్నా ఎక్కువైతే (ఈ అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు), గాలి లేనిచోట పెరిగే బోట్యులినం అనే సూక్ష్మజీవి ఉంది. అది చేసే విషం వాసనకీ రుచికీ దొరకదు.

ఓరుగల్లు తొక్కు:
150 నూనె అంటే సరే గని, రూంల ఉండేటోనికి మాత్రం 450 పోసే పంపుతం అన్నా. మిగిలిన నూనె ఎవడు కొంటడు, ఎవడు కాస్తడు?

కొలతగిన్నె:
వాళ్ళకి 450 పోసే పంపండి. వెళ్ళేవాళ్ళ లగేజీలో కిలోల లెక్కన బిల్లు ఉండదు కాబట్టి నా లెక్క అక్కడ ఎలాగూ నిలవదు. కొరియర్‌లో అయితే 150కే కట్టుబడి ఉన్నాను.