మోకాళ్ల నొప్పి ఉన్నవారిని ఉత్తర వేల్స్‌లో ఎక్కడ నడిపించవచ్చు?

ప్రశ్న:
మేము మాంచెస్టర్‌లో ఉంటున్నాము. అమలాపురం నుండి అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు చదును నేల మీద గంటసేపు హాయిగా నడుస్తారు కానీ, మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. పాత కట్టడాలంటే ఆయనకు చాలా ఇష్టం కనుక కాన్వీ పట్టణ ప్రాకారం మీద నడిపించాలని ఉంది. అది ఆయనకు వీలవుతుందా?

సమాధానం:
వద్దనే చెబుతానండీ. మొదటి ఎడ్వర్డ్ రాజు 1283–87 మధ్య కోటతోపాటు కట్టించిన ఆ ప్రాకారం సుమారు 1.3 కిలోమీటర్ల పొడవున, 21 బురుజులతో ఇప్పటికీ నిలిచి ఉంది. అయితే పైనున్న దారి ఇరుకు, ఎక్కే దిగే మెట్లు నిటారు. గోడను రేవు దగ్గర కింది నుండి చూపిస్తే చాలు.

నడకకు మాత్రం లాంగొలెన్ కాలువ గట్టును ఎంచుకోండి. ఒకప్పుడు పడవలను లాగే గుర్రాల కోసం వేసిన దారి అది. కాలువ నీరు దాదాపు సమమట్టంగా సాగుతుంది కాబట్టి దాని పక్కనున్న గట్టుకు కూడా ఎత్తుపల్లాలు ఉండవు. లాంగొలెన్ పడవల రేవు నుండి, డీ నది నీటిని కాలువలోకి మళ్లించడానికి ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ కట్టించిన అర్ధచంద్రాకారపు ఆనకట్ట వరకు సుమారు మూడు కిలోమీటర్లు. ఊరి వంతెన నుండి రేవుకు చేరే చిన్న ఎగుడు ఒక్కటే ఇబ్బంది కనుక నాన్నగారిని కారులో పైదాకా తీసుకువెళ్లండి. వేసవిలో అక్కడ గుర్రం లాగే పడవ కూడా నడుస్తుంది. అది ఎదురైతే నీటివైపు నిలబడకండి, తాడు అటే వస్తుంది.

తరువాత అదే కాలువ మీదున్న ట్రెవర్ అనే ఊరికి వెళ్లి పాంట్‌కసల్టె అక్విడక్టును తప్పక చూపించండి. పి.గన్నవరం అక్విడక్టును చూస్తూ పెరిగిన కోనసీమవారికి కాలువ నదిని దాటడం వింత కాదు కానీ, ఇక్కడ 18 రాతి స్తంభాల మీద నిలిచిన ఇనుప కమానులపై ఇనుప తొట్టిలో నీరు డీ నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల దూరం పారుతుంది. టెల్ఫర్డ్, విలియం జెస్సప్‌ల ఆధ్వర్యంలో 1805లో పూర్తయిన ఈ కట్టడానికి 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

అనుబంధ ప్రశ్న:
చాలా కృతజ్ఞతలు. అమ్మకు ఎత్తు నుండి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. అక్విడక్టు మీద కటకటాలు ఉన్నాయా?

సమాధానం:
నడిచే వైపున ఇనుప కటకటాలు ఉన్నాయి; అవతలి వైపు తొట్టి అంచు నీటికి కొద్దిగా పైకి ఉంటుంది, అంతే. అందువల్ల పడవలో కూర్చుంటే ఆ పక్కన శూన్యం తప్ప ఏమీ కనిపించదు. అమ్మగారిని పడవ ఎక్కించకుండా, నీటివైపు మీరు ఉండి, ఆమె కటకటాలను పట్టుకుని ఎదుటికి చూస్తూ నడిచేలా చూడండి. దారి ఇరుకు కనుక ఎదురుగా వచ్చేవారికి చోటివ్వవలసి ఉంటుంది. భయమనిపిస్తే ట్రెవర్ ఒడ్డునే ఆగినా కమానులు కనిపించే చోట్లు ఉన్నాయి. మీరు వెళ్లేది శీతాకాలమైతే, మరమ్మతుల కోసం కాలువను, గట్టును మూసివేసే అవకాశం ఉంది కాబట్టి కాలువను నిర్వహించే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ప్రకటనలను ముందే చూసుకోండి.