మా ఊరి నీళ్ల సంగతి అసెంబ్లీ దాకా వెళ్లాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుంచి):
అందరికీ నమస్కారం. నల్లా నీళ్లు రాని రోజుల్లో మా ఊళ్లో ఇప్పటికీ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగుతున్నాం. మా పెదనాన్న వేళ్లు వంకరపోయాయి, గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి తాగుతారు. పిల్లలకు ఆ గతి పట్టకూడదని ఆరుగురం కలిసి తిరుగుతున్నాం. మూడుసార్లు వినతిపత్రం ఇచ్చినా కదలిక లేదు. ఈసారి సమావేశాలప్పుడు హైదరాబాద్ వెళ్లి పదిమంది ఎమ్మెల్యేలను కలుద్దామనుకుంటున్నాం. తెలిసినవారు దారి చెప్పండి.

జవాబు (నల్లగొండ, రైతు సంఘం కార్యకర్త):
తమ్ముడూ, సభ మొదలయ్యాక వెళితే ఆలస్యమైనట్టే. ప్రశ్నలకు చాలా రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. ఎమ్మెల్యే నియోజకవర్గంలో ఉన్నప్పుడే కలవండి. పదిమంది అక్కరలేదు, మీ ఎమ్మెల్యే ఒక్కరు చాలు.

మీ వినతిపత్రం కారెక్కుతున్నప్పుడు ఇచ్చారా? మేమూ అలాగే ఇచ్చాం. ఆ కాగితం నాయకుడి చేతిలోంచి గన్‌మన్ చేతికి, అక్కడి నుంచి ముందు సీట్లోని శాలువాల కుప్పలోకి వెళ్లడం నా కళ్లతో చూశాను. అప్పటి నుంచి ముందు పీఏను కలిసి, పది నిమిషాలు సమయం అడిగి, కూర్చుని మాట్లాడుతున్నాం.

‘మా సమస్య తీర్చండి’ అనకండి. ‘ఈ ప్రశ్న వేయండి’ అని అడగండి. ఆ ప్రశ్న మీరే రాసివ్వండి: మండలంలో ఫ్లోరైడ్ పరిమితి దాటిన తాగునీటి బోర్లు ఎన్ని, వాటికి బదులు నీళ్లు ఎక్కడి నుంచి ఇస్తున్నారు, సరఫరా ఆగిన రోజులు ఎన్ని? నక్షత్ర గుర్తు ప్రశ్న అయితే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. దాన్ని తక్కువగా చూడకండి. ప్రభుత్వం కాగితం మీద పెట్టిన అంకెను పట్టుకుని మళ్లీ అడగవచ్చు.

జవాబు (మహబూబ్‌నగర్, విశ్రాంత ఉపాధ్యాయురాలు):
బాబూ, ఎమ్మెల్సీలను మరచిపోవద్దు. మీ జిల్లా పట్టభద్రులు, ఉపాధ్యాయులు వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానాల్లో ఓటేస్తారు. మీ ఊరి ఉపాధ్యాయులను వెంట తీసుకెళ్లండి, ఆ మాటకు బరువుంటుంది. సమాచార హక్కు కింద 10 రూపాయలతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాత నీటి పరీక్షల ఫలితాలు అలా తెప్పించుకోండి.

మళ్లీ ప్రశ్న:
మా ఎమ్మెల్యే సొంత పార్టీ నిర్ణయానికి ఎదురు నిలుస్తారా? ఇంకో మాట, ‘లోపల పని చేయిస్తాను, ఖర్చవుతుంది’ అని ఒకాయన అంటున్నాడు.

జవాబు (నల్లగొండ, రైతు సంఘం కార్యకర్త):
బిల్లుపై ఓటింగ్‌లో పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న ఆదేశం) జారీ చేస్తే దాటడం కష్టం. ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. నీళ్ల గురించి ప్రశ్న వేయడానికి ఆ అడ్డు లేదు, అందుకే ఆ దారి చెప్పాను. ఆ ఖర్చు మనిషిని మాత్రం గడప తొక్కనీయకండి. ఇచ్చేవాళ్లకూ 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద శిక్ష ఉంది. సభలో ప్రశ్నకో ఓటుకో డబ్బు తీసుకున్న సభ్యుడికి విచారణ నుంచి రక్షణ లేదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

ముందు నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ కాగితమే మీ మొదటి పేజీ. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌ది తీసుకోండి. బోరు నీళ్లు కాసేపు పారనిచ్చి, అవే నీళ్లతో సీసా కడిగి నింపండి. వీధి పేరు, తేదీ రాసి సీసాకు అతికించండి.